మోర్వాన్ అడవిలో మూడు విజిళ్ళు

12 అక్టోబరు, ఆదివారం. మదీనత్ ఖలీఫా, దోహా.

ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు కనుక ఇందులో అతిశయోక్తికి తావు లేదు. ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ పాఠశాలల్లో తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. నా డైరీలో నాకే తెలియకుండా ఒక్క తప్పు దొర్లినా సహించను.

అమ్మాయి సునంద దగ్గర ఆరు నెలలు ఉండడానికి నేనూ, నా భార్య లలితకుమారీ వచ్చి పది రోజులైంది. నిన్న రక్తపరీక్షలో చక్కెర హెచ్చుగా ఉందని తేలింది. రోజూ అరగంట వ్యాయామం చేయాలట. మోకాళ్ళ దృష్ట్యా నడక మాత్రం వద్దట. అందుచేత అల్లుడు రత్నాకర్ కరోనా రోజుల్లో కొని, ఇన్నాళ్ళూ తువ్వాళ్ళు ఆరేసుకుంటున్న సైకిలును నాకోసం ఖాళీ చేశాడు. దాని వెనుక చక్రం ఊడదీసి, ఒక బరువైన యంత్రానికి బిగించి ఉంది. ఎంత తొక్కినా గదిలోనే ఉంటుంది. ఎదురుగా టీవీలో దారి కదులుతుంది.

"దీని మీద పడిపోవడమంటూ ఉండదు నాన్నా" అన్నది సునంద. ఆ మాట ఎందుకన్నదో తెలియదు. సైకిలు తొక్కడం నేను 1974లోనే మానేశాను. ఆ సంగతే చెప్పాను. గుమ్మంలో పప్పు ఏరుతున్న లలిత తలెత్తి ఏదో అనబోయి, మళ్ళీ పప్పులోకి చూసింది.

14 అక్టోబరు, మంగళవారం

మొదటి సవారీ. పదకొండు నిమిషాలు. ఫ్రాన్సు.

యంత్రంలో చాలా దేశాలున్నా రత్నాకర్ చందా ఫ్రాన్సుకు మాత్రమే కట్టి ఉన్నాడు. బర్గండీ అనే సీమలో మోర్వాన్ అనే అడవి. ఎవరో ఒకాయన సైకిలుకు కెమెరా కట్టుకుని ఆ దారులన్నీ తిరిగి తీసిన చిత్రమిది. నేను తొక్కితే చిత్రం కదులుతుంది, ఆపితే ఆగుతుంది. చిత్రంలో దారి మెట్టకు ఎక్కితే ఇక్కడ పెడలు బరువెక్కుతుంది. కిలోమీటరు రాళ్ళకు పసుపు టోపీలు పెట్టారు. పచ్చిక బయళ్ళలో తెల్లని ఆవులు. ఒంగోలు జాతిలా ఉన్నాయని మురిసిపోతుండగా ఒకటి పక్కకు తిరిగింది. మూపురం లేదు.

16 అక్టోబరు, గురువారం

ఒక విశేషం కనిపెట్టాను. ఊరి మొదట తెల్ల పలక మీద ఊరి పేరు రాసి ఉంటుంది. ఊరి చివర మళ్ళీ అదే పేరు, దాని మీద మూల నుంచి మూలకు ఎర్రని అడ్డుగీత. రాసినవాడి తప్పును ఎవరో ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో కొట్టివేశాడని తెలిసి నా కళ్ళు చెమర్చాయి. తరువాతి ఊళ్ళోనూ అంతే. ఆ తరువాత కూడా. ఒక దేశం తన తప్పులను ఇలా రహదారి మీద బహిరంగంగా దిద్దుకోవడం నేనింతవరకు చూడలేదు. మన మండల కేంద్రంలో ఒక్క దుకాణం బోర్డు మార్పించడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

17 అక్టోబరు, శుక్రవారం

భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. సునంద నీళ్ళ గ్లాసు కింద పెట్టి చాలాసేపు నవ్వింది. ఆ గీతకు తప్పు అని అర్థం కాదట. ఆ ఊరి పొలిమేర దాటామని గుర్తట. లలిత కూడా నవ్వింది కాని పైకి వినిపించనివ్వలేదు.

నా అర్థమే మేలు.

29 అక్టోబరు, బుధవారం

అరగంట తొక్కుతున్నాను. ఈ దారిలో నాకిప్పుడు పరిచయస్తులున్నారు. ఆరో కిలోమీటరు దగ్గర గోధుమరంగు కుక్క గేటులోంచి దూసుకు వస్తుంది. రోజూ అదే గేటు, అదే కోపం. నేను రోజూ కేకలేస్తాను. ఆ పక్క ఇంట్లో ఒక ముసలామె నీలం కిటికీ తలుపు మూస్తూ ఉంటుంది. పదిహేను రోజులుగా ఆమె ఆ తలుపు మూస్తూనే ఉంది. తలవంచి నమస్కరించకుండా నేను ముందుకు పోను.

అక్కడ ఎప్పుడూ మే నెలే. ఇక్కడ దీపావళి వెళ్ళినా కిటికీ అద్దం మీద చెయ్యి పెడితే ఇంకా కాలుతోంది.

2 నవంబరు, ఆదివారం

ఒక మనిషిని గురించి ఇన్నాళ్ళూ కావాలనే రాయలేదు. నేను బయలుదేరిన మరుక్షణం బూడిదరంగు ఆకారం ఒకటి నా పక్కన బయలుదేరుతుంది. సైకిలు మీద వంగిన మనిషి. ముఖం కనిపించదు. అడవిలో మెట్ట మొదలయ్యేసరికి నన్ను దాటిపోతాడు. ఏ రోజూ వెనుదిరిగి చూడడు. ఫ్రెంచివాళ్ళు పెద్దమనుషులను ముస్యే అంటారని సునంద చెప్పింది కనుక అతనికి ఆ పేరే పెట్టాను.

ఇందులో నాకు ఊరట కలిగించే సంగతి ఒకటుంది. నాలుగు కిలోమీటర్లు దాటాక, రొట్టెల దుకాణం ఎదుట, ముస్యే రోజూ ఆగుతాడు. రెండు మూడు నిమిషాలు కదలడు. ఆ వ్యవధిలో నేను అతన్ని దాటి, చెరువుగట్టు దాకా పోతాను. తరువాత అతను వచ్చి మళ్ళీ నన్ను దాటేస్తాడు. పోటీ మధ్యలో రొట్టె కొనుక్కునే మనిషి చేతిలో ఓడిపోవడం ఎలాంటిదో ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నాకు అనుభవంలోకి రాలేదు.

3 నవంబరు, సోమవారం

వింత. నిన్న రాయడం మరిచాను. శని, ఆదివారాల్లో ముస్యే పూర్తిగా వేరే మనిషి. కాళ్ళు ఈడుస్తాడు. మెట్ట సగంలో ఆగి రొప్పుతాడు. రొట్టెల దుకాణం దగ్గర ఆగడు. కుక్క దగ్గర మాత్రం, కారణమేమిటో, నిలిచిపోతాడు. సెలవుదినాల్లో తాగుతాడేమో. నిన్న అతన్ని అవలీలగా దాటేస్తూ, ఆ వయసులో ఇంత దిక్కుమాలిన తీరున తొక్కడం ఎందుకని జాలిపడ్డాను.

ఈ రోజు మళ్ళీ పిడుగులా వెళ్ళాడు.

18 నవంబరు, మంగళవారం

ఎదురు విల్లా అరబ్బు కుటుంబానికి డ్రైవరుగా ఉన్న ఖాసీంతో స్నేహం కుదిరింది. రాయచోటి దగ్గరివాడు. సాయంత్రం కారు తుడుస్తూ నాతో కబుర్లాడతాడు. నిన్న ఏం చేశారని అడిగితే, మోర్వాన్ అడవిలో పన్నెండు కిలోమీటర్లు తొక్కానని చెప్పాను. ఎక్కడుంది సార్ అది అంటే ఫ్రాన్సులో అన్నాను. ఎట్లుంటాది సార్ అంటే దేవదారు చెట్లూ, పొగమంచూ, నీలం కిటికీ వర్ణించాను. గుడ్డ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నేను అబద్ధమాడలేదు. కర్త, కర్మ, క్రియ మూడూ నిజం. అధికరణం, అంటే ఎక్కడ కూర్చుని తొక్కానన్నది, ఒక్కటే చెప్పలేదు.

5 డిసెంబరు, శుక్రవారం

యంత్రం కిర్రుమంటోందని ఖాసీం తన స్నేహితుణ్ణి తీసుకువచ్చాడు. పేరు బుచ్చన్న. జగిత్యాల వైపు పల్లె. పన్నెండేళ్ళుగా ఇక్కడ కంపెనీలో పరంజాలు కడుతున్నాడు. కార్మికుల క్యాంప్‌లో అందరి సైకిళ్ళూ అతనే బాగుచేస్తాడట. రెండు మరలు బిగించి నూనె వేశాడు. శబ్దం పోయింది. తరువాత చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"సారూ, ఫ్రాన్స్‌ల సైకిల్ దొక్కింది మీరేనా? ఖాసీం క్యాంపంత జెప్పిండు."

ఖాసీం గర్వంగా నిలబడ్డాడు. నేను తల ఊపాను. అది ఏ దిశగా ఊపానో ఇప్పుడు నాకే జ్ఞాపకం లేదు.

ఫిబ్రవరి పదిన ఈ దేశంలో క్రీడాదినం, అందరికీ సెలవు. క్యాంప్‌లోని తెలుగువాళ్ళు నలభై మంది కార్నిష్ వెంట, సముద్రం పక్కన, ఎనిమిది కిలోమీటర్ల సైకిలు యాత్ర చేస్తున్నారట. జెండా పట్టుకుని ముందు నడిపించడానికి ఒక పెద్దమనిషి కావాలట.

"మీరే ముంగట ఉండాలె సారూ. నిరుడు మా ఫోర్‌మన్ ఉండె. ఆయనెక్కడ, మీరెక్కడ. ఫ్రాన్స్ దాకా వొయ్యి తొక్కినోళ్ళు మా క్యాంప్‌ల ఎవలున్నరు?"

లలిత టీ తెచ్చి ఇచ్చింది. బుచ్చన్నకు రెండు చెంచాల చక్కెర, నాకు సున్నా. నా వైపు చూడలేదు.

6 డిసెంబరు, శనివారం

ఒప్పుకోలేదు. కాదనలేదు.

12 డిసెంబరు, శుక్రవారం

బుచ్చన్న ఫోను చేసి, నా పేరు బేనరు మీద వేయించామన్నాడు. అక్షరాలు సరిచూసి పంపమన్నాడు. ఒకే తప్పు. దిద్ది పంపాను.

దిద్ది పంపడమంటే ఒప్పుకోవడమే అవుతుందని పంపాక తోచింది.

19 డిసెంబరు, శుక్రవారం

నన్ను అబూ హమూర్‌లో ఒక సైకిళ్ళ దుకాణానికి తీసుకువెళ్ళమని ఖాసీంను అడిగాను. దుకాణదారును, పెద్దవాళ్ళకు మూడు చక్రాల సైకిళ్ళుంటాయా అని గౌరవంగా అడిగాను. ఉంటాయట. వెనుక పెద్ద బుట్ట కూడా ఉంటుందట. దాన్ని ఎక్కువగా గ్యాసు బండలు మోయడానికి కొంటారట.

తిరుగు దారిలో ఖాసీం అద్దంలోంచి నన్ను రెండు మూడుసార్లు చూశాడు. సిగ్నల్ దగ్గర ఆగాక మెల్లగా అన్నాడు: "సార్, తప్పుగా అనుకోవాకండి. మీకు సైకిల్ తొక్కను రాదా?"

అభ్యాసం తప్పిందన్నాను.

"ఎన్నాళ్ళయింది సార్ తప్పి?"

యాభై ఏళ్ళు అన్నాను. ఆకుపచ్చ దీపం వెలిగింది. అతను కారు పోనిచ్చాడు.

"మాఫీ ముష్కిల్ సార్, ఏం పర్వాలేదు. నేనుండా గదా. మా ఊర్లో మా నలుగురు సెల్లెండ్లకు నేనే నేర్పించినా."

4 జనవరి, ఆదివారం

ఇళ్ళ వెనుక ఖాళీ స్థలంలో, ఉదయం ఆరింటికి, ఖాసీం యజమాని కొడుకు వాడి పారేసిన సైకిలు మీద పాఠాలు జరుగుతున్నాయి. ఖాసీం సీటు వెనుక పట్టుకుని పరుగెడతాడు. "ముందర సూడండి సార్, సక్రం సూడాకండి" అంటాడు. నేను చక్రాన్నే చూస్తాను. ముందర చూస్తే చక్రం ఏం చేస్తుందోనని భయం.

నేడు పడింది ఇసుకలో ఒకసారి, గోడ మీద ఒకసారి. మోర్వాన్‌లో మెట్ట ఎక్కే కాళ్ళు ఇక్కడ రెండు గజాలు నిటారుగా నిలవలేకపోతున్నాయి. కాళ్ళకు దారి తెలుసు. మిగతా ఒంటికి తెలియదు.

మోచేయి గీరుకుపోయింది. గోడ తగిలిందని లలితతో చెప్పాను. ఆమె దూదితో మందు రాస్తూ, నా పంచె అంచు ఎత్తి చూసింది.

"గోడకి గ్రీజెక్కడిదండీ?" అంది.

5 జనవరి, సోమవారం

పాఠం లేదు. మోచేయి.

11 జనవరి, ఆదివారం

పదిహేను గజాలు. ఖాసీం చేయి తీసేశాడని నాకు తెలియలేదు. తెలిసిన వెంటనే పడ్డాను.

22 జనవరి, గురువారం

సాయంత్రం రత్నాకర్ తీరికగా ఉన్నాడు. ముస్యే వేగాన్ని కొంచెం తగ్గించే ఏర్పాటేదైనా ఉందా అని అడిగాను. అతనికి అర్థం కాలేదు. యంత్రం పెట్టి చూపించాను.

"ఇతను ఎవరో కాదు మామయ్యగారూ. మన సైకిలు మీద ఈ దారిలో మీకు ముందు ఎవరు తొక్కారో, వాళ్ళ సవారీనే ఇలా నీడలా చూపిస్తుంది."

అయితే నువ్వు తొక్కుతున్నావా అన్నాను. తను దాన్నెక్కి మూడేళ్ళయిందన్నాడు. సునంద హఠాత్తుగా లేచి, వంటింట్లో ఏదో మాడుతోందని వెళ్ళింది. ఏమీ మాడలేదు.

శుక్రవారం ఉదయం తొక్కింది నేను. శనివారం నా పక్కన కాళ్ళీడ్చినవాడు, కుక్కకు భయపడి నిలిచినవాడు, దిక్కుమాలిన తీరున తొక్కుతున్నాడని నేను జాలిపడినవాడు నేనే. ఈ వాక్యం రాయడానికి నాకు అరగంట పట్టింది.

మరి మిగతా రోజుల మనిషి ఎవరు? ఇంట్లో ఉండేది నలుగురం.

25 జనవరి, ఆదివారం

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నిద్రపోవడం నా నియమం. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు; ఆ రెండు రోజులే సునంద, రత్నాకర్ పగలు ఇంట్లో ఉంటారు. ఈ రోజు కళ్ళు మూసుకుని పడుకున్నాను, అంతే.

మూడింటికి వంటింట్లో కుక్కరు పెట్టిన చప్పుడు. తరువాత పక్క గదిలో యంత్రం తిరిగిన చప్పుడు. కొంతసేపటికి ఒక విజిల్. రెండు. మూడు. యంత్రం ఆగింది. చెప్పుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళింది. పొయ్యి ఆపిన టిక్కుమన్న శబ్దం, మూత కదిలించిన శబ్దం. చెప్పుల చప్పుడు తిరిగి వచ్చింది. యంత్రం మళ్ళీ తిరిగింది.

రొట్టెల దుకాణం అదే.

లేచి, తలుపు సందులోంచి చూశాను. లలిత చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, సునంద బూట్లు వేసుకుని తొక్కుతోంది. ఇంకో మెట్ట మీద సీటు నుంచి పైకి లేచింది. కుక్క వచ్చింది, ఆమె దానికేసి చూడనైనా చూడలేదు. ఆ తరువాత అడవిలో దారి ఎడమకు తిరిగింది, ఆమె ఎడమకు ఒరిగింది. కుడికి తిరిగింది, కుడికి ఒరిగింది. ఆ సైకిలు నేలకు బిగించి ఉంది. ఒరగవలసిన పని లేదు. మూడు నెలలుగా ఆ మలుపుల్లో నేను ఒక్కసారి కూడా ఒరగలేదు, ఒరగాలని నాకు తెలియదు.

మంచం మీదికి తిరిగి వచ్చి, నాలుగింటికి నిద్ర లేచాను.

26 జనవరి, సోమవారం

తొక్కలేదు.

28 జనవరి, బుధవారం

ఆకుపచ్చ సైకిలు సంగతి ఇక్కడ అప్రస్తుతం.

29 జనవరి, గురువారం

ఆకుపచ్చ సైకిలు సంగతి.

1974 వేసవిలో ఒక మధ్యాహ్నం మా బాబాయి సైకిలు తీసుకుని వెళ్ళాను. పంట కాలువలో పడ్డాను. గట్టు మీద క్లాసు పిల్లలందరూ ఉన్నారు. నేను 'మానేశాను' అంటున్న సైకిలు చరిత్ర మొత్తం ఆ ఒక్క మధ్యాహ్నమే. అది కూడా పూర్తి మధ్యాహ్నం కాదు.

1983లో పెళ్ళిచూపులకు కొల్లిపర వెళ్ళినప్పుడు, మామగారు సైకిలు తొక్కుతావా అబ్బాయ్ అని అడిగారు. అమ్మాయి రోజూ తెనాలి కాలేజీకి సైకిలు మీదే వెళ్ళివస్తుంది, అందుకని అడిగారు. ఇప్పుడు మానేశానండీ అన్నాను. పెళ్ళయ్యాక సామానుతో పాటు ఆ సైకిలు కూడా మా ఇంటికి వచ్చింది. ఆకుపచ్చ రంగు, ముందు చిన్న బుట్ట. లైబ్రరీకి వెళ్ళివస్తానని ఆమె అడిగింది. మేష్టారి భార్య సైకిలెక్కితే పిల్లలు నవ్వుతారని చెప్పాను. పిల్లలు నవ్వేది ఆమెను చూసి కాదు. ఆమె సైకిలు మీద, నేను పక్కన నడిచి వస్తుంటే, నన్ను చూసి. ఆ మాట చెప్పలేదు. మూడు నెలలు వరండాలో నిలబెట్టి, ఆ సైకిలును పోస్టుమాన్‌కు ఇప్పించేశాను.

తరువాత పదేళ్ళు రోజూ మా గుమ్మంలోకి ఉత్తరాలు ఆ ఆకుపచ్చ సైకిలు మీదే వచ్చాయి. లలితే వెళ్ళి అందుకునేది.

1 ఫిబ్రవరి, ఆదివారం

చెప్పాను. ఆమె మెంతికూర తుంపుతోంది. ముందు బుచ్చన్న సంగతి చెప్పాను, తరువాత కాలువ సంగతి, ఆఖరుకు ఆకుపచ్చ సైకిలు సంగతి. వాక్యాలు ముందుగా కాగితం మీద రాసుకున్నాను కాని కాగితం జేబులోనే ఉండిపోయింది.

"మీకు రాదని పెళ్ళిచూపుల రోజే తెలుసు" అంది.

ఎలాగన్నాను.

"నాన్న సైకిలు దారికి అడ్డంగా ఉంటే కాస్త జరపమన్నారు గదా. ఎదురుగా వెళ్ళి రెండు చేతుల్తో హ్యాండిలు పట్టుకున్నారు, గేదెని కొమ్ములు పట్టి ఆపినట్టు. లోపల మా పిన్నీ నేనూ నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాం."

మరి ఎందుకు చేసుకున్నావన్నాను.

"సైకిలు రానివాడ్ని చేసుకోకూడదా? నేర్పుదామనుకున్నా." కూర పక్కన పెట్టింది. "మీకు రాకపోవడం నాకేనాడూ పట్టలేదండీ. నా బండి ఇచ్చేశారు చూడండి. పిల్లలు నవ్వుతారన్నారు. నిజమేననుకుని నేనూ సిగ్గుపడ్డాను. నలభై రెండేళ్ళు ఉత్తినే సిగ్గుపడ్డాను."

నేను క్షమించమన్నాను. ఆమె మెంతికూర కడగడానికి వెళ్ళింది.

2 ఫిబ్రవరి, సోమవారం

మాట లేదు. ఉదయం ఏడింటికి నేను వెళ్ళేసరికి సైకిలు మీద ఆమె ఉంది. గది బయట బల్ల మీద కూర్చుని నా వంతు కోసం వేచి ఉన్నాను. గంటా పది నిమిషాలు.

3 ఫిబ్రవరి, మంగళవారం

మాట లేదు. గంటా ఇరవై. కొత్త దారి పెట్టుకుంది. ద్రాక్షతోటల మధ్య నుంచి.

4 ఫిబ్రవరి, బుధవారం

టీ ఇస్తూ, "ఆ నీలం కిటికీ ముసలామె మిమ్మల్నడిగింది" అంది.

కప్పు కింద పెట్టి, పక్కకు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

6 ఫిబ్రవరి, శుక్రవారం

ఖాసీంతో కలిసి బుచ్చన్న బేనరు పట్టుకుని వచ్చాడు. నా పేరు ఎర్ర అక్షరాల్లో, తప్పు లేకుండా. అతన్ని ఆ గదిలోకి తీసుకువెళ్ళి, నా ఫ్రాన్సు ఇదేనని చూపించాను. బయట రోడ్డు మీద నాకు సైకిలు రాదని చెప్పాను. ఇంత చిన్న వాక్యం నా జీవితంలో చెప్పలేదు. ఇంత బరువైనదీ లేదు. గోడ పక్కన ఖాసీం తన తప్పేదో బయటపడినట్టు నిలబడ్డాడు.

బుచ్చన్న బేనరును మెల్లగా చుట్టాడు. ఇక వెళ్ళిపోతాడనుకున్నాను.

"నాకు సదువు రాదు సారూ" అన్నాడు. "గీ బేనర్ మీద ఏం రాసిండ్రో నాకు ఎర్కలేదు. పన్నెండేండ్లసంది నా ఫారాలన్ని ఖాసీమే నింపుతడు. గట్లని నన్ను ఎవలన్న పనికెళ్ళి తీసేసిండ్రా? సైకిల్ రాకుంటె రాకపాయె. జెండ వట్టనైతె వస్తది గద."

జెండా పట్టుకుని నడవమన్నాడు. ఎనిమిది కిలోమీటర్లు. నా మోకాళ్ళ సంగతి అతనికి తెలియదు.

అప్పుడు గుమ్మంలోంచి లలిత, ఇద్దరు తొక్కే సైకిళ్ళు ఇక్కడ అద్దెకిస్తారా అని ఖాసీంను అడిగింది. కార్నిష్ దగ్గర ఇస్తారన్నాడు ఖాసీం. ముందు కూర్చునేవాళ్ళు ఆ బండిని నడపగలగాలి మరి, అన్నాడు.

"నడుపుతాను" అంది లలిత.

బుచ్చన్న ఆమె పాదాలకేసి చూశాడు. సునంద బూట్లు ఇంకా అక్కడే ఉన్నాయి.

8 ఫిబ్రవరి, ఆదివారం

ఖాళీ స్థలంలో ఆ పొడుగు సైకిలు మీద అభ్యాసం. ఆమె ముందు, నేను వెనుక. వెనుక హ్యాండిలు కదలదు, పట్టుకోవడానికి మాత్రమే ఉంటుంది. మొదటి మలుపులోనే ఇద్దరం పడబోయాం.

"నేను ఒరిగినప్పుడు మీరూ అటే ఒరగండి" అంది. "మీరు ఎదురు ఒరుగుతున్నారు."

అది నా పాత అలవాటన్నాను.

"తెలుసు" అంది.

10 ఫిబ్రవరి, మంగళవారం. క్రీడాదినం.

ఉదయం ఆరున్నర. సముద్రం మీద నుంచి చల్లని గాలి. నలభై మందీ పనిలో వేసుకునే మెరిసే పసుపు చొక్కాలనే వేసుకుని వచ్చారు. దూరం నుంచి చూస్తే మోర్వాన్‌లో కిలోమీటరు రాళ్ళు వరుసగా నిలబడినట్టుంది. బేనరు మీద నా పేరు పక్కన, అదే ఎర్ర రంగుతో, కొంచెం వంకర అక్షరాల్లో 'లలితకుమారి' అని ఉంది. తెల్లవారుజామున ఖాసీం ముందు రాసి చూపితే, దాన్ని చూస్తూ బుచ్చన్న స్వయంగా దిద్దాడట. రంగు ముద్దకట్టి 'కు' కొమ్ము పోయింది. నేను చూశాను. ఏమీ అనలేదు. ఈ ఒక్క సంగతి రిటైరైన ప్రధానోపాధ్యాయుల సంఘానికి తెలియకూడదు.

లలిత చీర మీద సునంద జాకెట్టు వేసుకుంది. నేను వెనుక సీటులో జెండాతో కూర్చున్నాను. ఎవరో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నారేంది సార్ అని నవ్వితే, కుర్చీలో కూర్చోవడంలో నాకు ముప్పై నాలుగేళ్ళ అనుభవముందని చెప్పాను.

"యల్లా" అని బుచ్చన్న చేయి ఊపాడు.

కదిలాం. తొలి నూరు గజాలూ నేను ఊపిరి తీసుకోలేదు. ఆమె మెడ వెనుక చెమట, జాకెట్టు కాలరు, దాని పైన ముడి. నాకు కనిపించిన కార్నిష్ ఇంతే. తరువాత దారి సముద్రం వెంట కుడికి తిరిగింది. ఆమె ఒరిగింది. నేనూ ఒరిగాను. సైకిలు కూడా ఏ అభ్యంతరం లేకుండా మాతో ఒరిగింది. ఒక్క అరక్షణం భూమి వంపుగా కనిపించింది. ఆమె ఆ మాత్రం కోసం మధ్యాహ్నాలు నా నిద్రను కనిపెట్టుకుని కూర్చున్నదని అప్పుడు అర్థమైంది.

వెనుక నుంచి నలభై గంటలు ఒకేసారి మోగాయి. బుచ్చన్న పక్కకు వచ్చి, "అమ్మ ముంగట, సారు ఎన్క. గిదే మంచిగున్నది, వచ్చే ఏడాది గూడ గిట్లనే" అన్నాడు. వచ్చే ఏడాది మేమిక్కడ ఉండమని చెప్పబోయి ఊరుకున్నాను.

నాలుగు కిలోమీటర్లు దాటాక లలిత ఉన్నట్టుండి బ్రేకు వేసింది. వెనుక నలభై సైకిళ్ళూ ఆగాయి. ఎందుకు ఆగావన్నాను. ఆమె వెనక్కి తిరిగి, ఒక క్షణం ఆలోచించి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"అలవాటండీ" అంది. "కుక్కరు."

నలభై మందికి ఏమని చెప్పను? జెండా ఎత్తి, అమ్మగారు మీరందరూ నీళ్ళు తాగుతారని ఆపారని ప్రకటించాను. అందరూ విధేయంగా నీళ్ళు తాగారు.

11 ఫిబ్రవరి, బుధవారం

కాళ్ళ నొప్పులు. చక్కెర తగ్గింది. మధ్యాహ్నం నిద్రపోలేదు, పక్క గది తలుపు తెరిచే ఉంది. మూడో విజిల్‌కు నేనే వెళ్ళి పొయ్యి ఆపి వచ్చాను. ముస్యే రొట్టెల దుకాణం దగ్గర ఆగకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం సునందను ఎర్ర కలం అడిగి తీసుకుని, ఈ పుస్తకం మొదటి పేజీ తెరిచాను. 'సైకిలు తొక్కడం నేను 1974లోనే మానేశాను' అన్న వాక్యం మీద మూల నుంచి మూలకు ఒక అడ్డుగీత గీశాను. వాక్యంలో వ్యాకరణదోషమేదీ లేదు. ఆ ఊరి పొలిమేర దాటాను, అంతే.